హెలెనమ్మ రొట్టెలు

స్కాట్లండ్ వెళ్ళి ఏమేం చూసొచ్చావని అడిగిన వాళ్ళకి కోటలు చూశాను, సరస్సులు చూశాను, కళ్ళ మీదకి జుట్టు పడే ఎర్రావుల్ని చూశాను అని వరసగా చెప్పుకొస్తాను. అంతవరకూ అందరూ బుద్ధిగా వింటారు. విస్కీ బట్టీ కూడా చూశానండీ అనేసరికి మాత్రం మొహాలు మారిపోతాయి. మా అత్తగారయితే చేస్తున్న వత్తిని పళ్ళెంలో పడేసి, "నువ్వా?" అన్నారు. ఆ ఒక్క మాటలో ఎన్ని మాటలున్నాయో మీకు విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

అవునండీ, నేనే. మా చెల్లెలు అబర్డీన్‌లో డాక్టరు. పోయిన ఆగస్టులో దాని దగ్గర మూడు వారాలున్నాను. రెండో వారానికే కోటలన్నీ నాకు ఒక్కలాగే కనిపించడం మొదలెట్టాయి. అప్పుడు మా మరిది, "వదినగారూ, ఇంత దూరం వచ్చి విస్కీ తీసే చోటు చూడకుండా వెళ్ళడమంటే, తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా తిరిగి రావడమే" అన్నాడు. ఆ పోలికకి మా చెల్లెలు కసిరింది గానీ, నాకు లోలోపల ఆసక్తిగానే ఉంది. నవలలు రాసుకునేదాన్ని. నా నవలల్లో తాగుబోతు మొగుళ్ళు ఇప్పటికి నలుగురున్నారు. వాళ్ళు తాగే ఆ వస్తువు ఎక్కడ పుడుతుందో, ఎలా పుడుతుందో మాత్రం ఎన్నడూ చూసి ఎరగను.

అబర్డీన్ నుంచి హంట్లీ, డఫ్‌టౌన్ ఊళ్ళ మీదుగా రెండు గంటలలోపు ప్రయాణం. దారి పొడుగునా పండిన బార్లీ చేలు, వాటి వెనక ఊదా రంగు పూలు కప్పుకున్న కొండలు. స్పే నది ఒడ్డు కలిసిందగ్గర్నుంచీ ప్రతి మలుపులోనూ ఒక బట్టీ పేరు రాసిన బోర్డు. ఆ ఒక్క నదీ పరివాహక ప్రాంతంలోనే యాభై దాకా ఉన్నాయట. మన గోదావరి గట్టు మీద గుళ్ళున్నట్టు. (ఈ పోలిక నాదే. మరిది పోలికలు అంటుకున్నాయి కాబోలు.)

మేం వెళ్ళినదాని పేరు కార్డూ. వాళ్ళ గేలిక్ భాషలో నల్లబండ అని అర్థం. చూసేవాళ్ళని చిన్న చిన్న జట్లుగా లోపలికి తీసుకెళ్తారు. మా జట్టులో ఎనిమిదిమందిమి. మేం ముగ్గురం, ఒక జర్మన్ దంపతులు, మోటారుసైకిళ్ళ మీద వచ్చిన ఇద్దరు డచ్చి కుర్రాళ్ళు, గొడుగు వదలని ఒక పెద్దావిడ. చూపించడానికి వచ్చిన పిల్లకి ఇరవై రెండేళ్ళుంటాయేమో. మా చెల్లెలి కూతురు టేబుల్సు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తుంది.

ముందు బార్లీని నానబెట్టి, మొలకలు రానిచ్చి, ఆరబెడతారు. తరవాత మిల్లులో మరీ మెత్తగా కాకుండా ఆడిస్తారు. పొట్టు రెండు పాళ్ళు, రవ్వ ఏడు పాళ్ళు, పిండి ఒక పాలు ఉండాలట. పిండి ఎక్కువైతే అడుగంటి ముద్ద కడుతుంది, పొట్టు ఎక్కువైతే నీళ్ళు సారం పట్టకుండా జారిపోతాయి. ఈ లెక్క వినగానే జర్మనాయన పుస్తకంలో రాసుకున్నాడు. నేనూ మా చెల్లెలూ మొహాలు చూసుకున్నాం. ఇడ్లీ రవ్వ ఆడించుకునే ఏ ఇల్లాలికి తెలియని సంగతండీ ఇది? దాన్ని వేన్నీళ్ళలో కలిపి తియ్యటి కషాయం వడగడతారు. మిగిలిన పిప్పి పశువులకి పోతుంది, మన తవుడు లాగే.

ఆ కషాయంలో ఈస్టు వేసి, తాటిచెట్టంత లోతున్న కొయ్య తొట్లలో పులియబెడతారు. ఒక తొట్టి మూత తీసి, "కొంచెం వాసన చూడండి, ఎక్కువ వంగకండి" అంది ఆ పిల్ల. వద్దన్న పని చెయ్యడం డచ్చి కుర్రాళ్ళ వంతయింది. ముక్కు పట్టుకుని వెనక్కి గెంతారు. నేను దూరంనుంచే చూశాను. ఎండాకాలం పొద్దున్నే లేచి చూస్తే పొంగి గిన్నె చుట్టూ కారిపోయిన దోసెల పిండి వాసన! సరిగ్గా అదే. నాకు ఒక్కసారి ఇంటి మీద బెంగ పుట్టుకొచ్చింది. విస్కీ తొట్టి దగ్గర ఇంటి మీద బెంగ పెట్టుకున్న ఆడది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆ తొట్టి పక్కన నిలబెట్టే ఆ పిల్ల మాకు హెలెన్ కథ చెప్పింది.

1811లో జాన్ కమింగ్ అనే రైతు, భార్య హెలెన్‌తో ఈ పొలం కౌలుకి తీసుకుని వచ్చాడు. ఆ రోజుల్లో లైసెన్సు ఖర్చు భరించలేక ఈ కొండల్లో రైతులు కోతలయ్యాక దొంగచాటుగానే విస్కీ కాచుకునేవారు. కాయడంలోనూ, ఇంటి కిటికీలోంచి సీసా ఒక షిల్లింగు చొప్పున అమ్మడంలోనూ చెయ్యి హెలెన్‌దేనని చెప్తారు. పట్టుకోవడానికి ఎక్సైజు వాళ్ళు గుర్రాల మీద వచ్చేవారు. ఈ చుట్టుపక్కల సత్రాలేవీ లేవు కనక బస కూడా కమింగ్ వాళ్ళింట్లోనే! వాళ్ళు దూరాన కనబడగానే హెలెన్ కాపు సామానంతా సర్దేసి, చేతులకి పిండి పులుముకుని, రొట్టెలు చేస్తున్నట్టు ఎదురొచ్చేది. రొట్టెకీ ఈస్టే, విస్కీకీ ఈస్టే. ఇల్లంతా పులిసిన వాసనొస్తే రొట్టెల వాసనే అనుకునేవారు. అయ్యలకి కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళిచ్చి, భోజనానికి కూచోబెట్టి, తను వెనక గుమ్మంలోంచి బయటికెళ్ళి కొట్టాం మీద ఎర్రజెండా ఎగరేసేది. లోయలో మిగతా రైతులందరూ ఆ జెండా చూసి ఎవరి సామాను వాళ్ళు దాచేసుకునేవారు. (కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళన్నది నా కల్పన. అతిథి వస్తే నాకు ఇంకోలా ఊహించుకోవడం చేతకాదు.)

అందరూ నవ్వారు. గొడుగావిడ చప్పట్లు కూడా కొట్టింది. నేనూ నవ్వబోయాను గానీ, నవ్వు సగంలో ఆగిపోయింది. నాకు సాంబ్రాణి వాసన వచ్చింది.

మా పిన్ని గుర్తొచ్చిందన్నమాట. ఆవిడ పేరు రాయను, ఈ పత్రిక ఆవిడా చదువుతుంది. మా చిన్నాన్న కావలిలో గుమాస్తా. మంచివాడే. సాయంత్రం ఆరు దాటితే మాత్రం మనిషి మనిషి కాదు. మేం సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో ఎప్పుడూ సాంబ్రాణి పొగే. గురువారం, శుక్రవారం అని లేదు. బంధువులెవరైనా సందు మొదట్లో కనిపిస్తే చాలు, పిన్ని నిప్పులు తెచ్చి సాంబ్రాణి చల్లేసేది. "మీ పిన్నికి ఎంత భక్తో" అనేది మా నాయనమ్మ. ఆ భక్తి ఏమిటో నాకు పదో ఏట తెలిసింది, బియ్యం డబ్బాలో చెయ్యిపెడితే సీసా తగిలినప్పుడు. ఆయనకి దొరక్కుండా సీసా బియ్యంలో, మాకు తెలియకుండా వాసన పొగలో. హెలెనమ్మ సంసారం నిలబెట్టుకోడానికి ఏ వాసన దాచిందో, మా పిన్నీ ఆ వాసనే దాచింది.

1992లో దూబగుంటలో రోశమ్మా, ఆ ఊరి ఆడవాళ్ళూ సారా దుకాణం మూయించారు. చదువు తరగతుల్లో ఒక పాఠం విని లేచిన వాళ్ళు. ఆ గాలి మా నెల్లూరు జిల్లా అంతా వీచింది. చీపుళ్ళు పట్టుకుని ఆడవాళ్ళు వీధులెంట వెళ్ళడం నేను పన్నెండేళ్ళ పిల్లగా కళ్ళారా చూశాను. వాళ్ళు పిన్ని వాళ్ళ వీధిలోంచి వెళ్ళినప్పుడు పిన్ని తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. "నువ్వూ వెళ్ళు పిన్నీ" అన్నాను. వెళ్ళలేదు. వెళ్తే మా ఇంట్లోనూ ఉందని పదిమందికీ చెప్పినట్టేగా! కుండెడు మజ్జిగ చేసి గేటు దగ్గర పెట్టించింది, ఎండనపడి వెళ్తున్నారని. 1993లో సారా ఆపారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. కొన్నాళ్ళు పిన్ని కంటినిండా నిద్రపోయింది. ఆ తరవాత పక్క రాష్ట్రంనుంచి సీసాలు రావడం మొదలైంది, సాంబ్రాణి కూడా మళ్ళీ మొదలైంది. 1997లో నిషేధమే ఎత్తేశారు. 1999లో చిన్నాన్న పోయాడు, నలభై ఆరో ఏట, కాలేయం పాడై. పిన్ని ఆ తరవాత ఇంట్లో సాంబ్రాణి వెలిగించగా నేను చూళ్ళేదు. వినాయకచవితికి కూడా అగరొత్తే.

ఇదంతా మనసులో తిరుగుతూంటే, ఆ పిల్ల మమ్మల్ని రాగి బానల గదిలోకి నడిపించింది. ఇంతింత పొట్టలు, పైన హంస మెడలు. పులిసిన కషాయాన్ని రెండు సార్లు వాటిలో కాచి ఆవిరి పట్టి చల్లారుస్తారు. మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పనికి రాదు, మధ్యలోదే తీసుకోవాలి. అది అద్దాల పెట్టెలోంచి పారుతూ కనిపిస్తుంది. దానికి ఇత్తడి పట్టీలు, తాళం. పాత రోజుల్లో ఆ తాళం చెవి సర్కారు ఉద్యోగి దగ్గరే ఉండేదట.

1823లో చట్టం మార్చి లైసెన్సు చవక చేశాక, 1824లో కమింగ్ వాళ్ళూ లైసెన్సు తీసుకుని దొరలైపోయారు. అసలు కథ ఆ ఇంటి కోడలిదండీ. పేరు ఎలిజబెత్. 1872లో భర్త లూయిస్ పోయేనాటికి చేతుల్లో చిన్నపిల్లలు. పుట్టింటికి పోకుండా బట్టీ తనే నడిపింది. పాతది చాలకపోతే 1880లలో పక్కనే కొత్తది కట్టించింది. అరిగిపోయిన పాత బానల్ని సుమారు 120 పౌన్లకి విలియం గ్రాంట్ అనే ఆయనకి అమ్మింది. ఆయన వాటితోనే గ్లెన్‌ఫిడిక్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. జింక బొమ్మ సీసా, మన విమానాశ్రయాల్లో అద్దాల వెనక కనిపిస్తుందే, అదే. 1893లో బట్టీని జానీ వాకర్ కంపెనీకి 20,500 పౌన్లకి అమ్మి, అమ్మినా నడిపేది మా కుటుంబమే అని షరతు పెట్టింది. నేను బి.ఏ.లో ఇంగ్లండు చరిత్ర చదివాను. ఒక రాజుగారూ, ఆయన ఆరుగురు పెళ్ళాలూ తప్ప ఏమీ గుర్తులేదు. పరీక్షలో ఎలిజబెత్ అనగానే రాణీగారి గురించి రాశాం. ఈవిడ గురించి ఎవరు చెప్పారు?

చివరికి గిడ్డంగి. చలి, చీకటి, వరసలుగా ఓక్ పీపాలు. మూడేళ్ళు నిండందే దాన్ని స్కాచి అనకూడదని చట్టం. వీళ్ళు పన్నెండేళ్ళు ఉంచుతారు. ఏటా నూటికి రెండు పాళ్ళ దాకా పీపాలోంచి గాల్లోకి ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. దేవుడి వాటా ముందు తీసి ఆవకాయ జాడీకి వాసెన కట్టే మనకి ఇది బాగానే అర్థమవుతుంది.

రుచి చూడ్డానికి కూచోబెట్టారు. కారు నడిపేది మా చెల్లెలు కనక దాని వాటా బుల్లి సీసాలో పోసి ఇంటికి పట్టుకెళ్ళమన్నారు. అక్కడ తాగి కారు నడిపితే ఊరుకోరు. మేం ఇండియావాళ్ళం అనగానే ఆ పిల్ల మొహం వికసించింది. 2022లో స్కాచి విస్కీ అన్ని దేశాలకన్నా ఎక్కువగా మన దేశానికే వచ్చిందట, ఇరవై ఒక్క కోట్ల తొంభై లక్షల సీసాలు. కృతజ్ఞతగా నవ్వింది పాపం. అందులో తప్పేముంది? నాకు మాత్రం అన్ని సీసాలకి సరిపడా బియ్యం డబ్బాలు కళ్ళ ముందు కనిపించాయి.

నా ముందూ గ్లాసు పెట్టారు. తేనె రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట పండిన ఆపిల్ వాసన, తరవాత తేనె, ఆ వెనకాల, బాగా వెనకాల, చిన్నాన్న చొక్కా. మరిది నా వంక చూడనట్టు చూస్తున్నాడు. నాలిక చివరికి ఒక్క చుక్క తగిలించుకున్నాను. బాగాలేదని రాస్తే మీకూ నాకూ హాయిగా ఉండేది. కానీ బాగుంది. పన్నెండేళ్ళ ఓపికతో, అంత శుభ్రంగా చేసిన వస్తువు బాగుండక ఏం చేస్తుంది? మిగతాది మరిది గ్లాసులో పోసేశాను.

దుకాణంలో సీసా మీద జెండా పట్టుకున్న హెలెన్ బొమ్మ ఉంది. మావారు తెమ్మన్న సీసా కొనలేదు. హెలెన్ బొమ్మ ఉన్న తువ్వాలు కొన్నాను, వంటింట్లోకి.

మర్నాడు పొద్దున్నే పిన్నికి ఫోను చేశాను. డెబ్బై దాటినా ఒక్క మాట పోనివ్వకుండా వింటుంది. బట్టీకి వెళ్ళానంటే ఏమీ అనలేదు. హెలెన్ రొట్టెల సంగతి చెబితే పగలబడి నవ్వింది. "గట్టిదే మహాతల్లి! పిండి పులుముకుని ఎదురొచ్చేదా?" అని మళ్ళీ చెప్పించుకుంది. జెండా దగ్గర కూడా నవ్వింది. తరవాత కాసేపు అటునుంచి మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"అయితే అమ్మాయ్, ఆవిడ మొగుడు తాగేవాడా?" అంది.

"ఆ సంగతి అక్కడెవరూ చెప్పలేదు పిన్నీ."

"చెప్పరులే" అంది. ఆ వెంటనే, అక్కడ చలెక్కువటగా, చెల్లెలి పిల్లలు అన్నం సరిగా తింటున్నారా లేదా అని అడగడం మొదలుపెట్టింది.