బాబాయి బండికి రేసు పట్టింది

మా బాబాయిది రేపల్లె. ఆయనకో పాత డీజిల్ పికప్ ఉంది. నిజాంపట్నం హార్బర్ నుంచి ఐసు పెట్టెల్లో చేపలు తోలతాడు, సీజన్‌లో అరటి గెలలు, ఏదీ లేని రోజు ఎవరిదో ఇల్లు మారే సామాను. బండి వయసు 16 ఏళ్లు. కంపెనీ పేరు అనవసరం, ఈ వయసులో ఏ బండికైనా ఏదో ఒక మూలుగు ఉంటుంది.

దీని జబ్బేంటంటే, కాలు తీసినా ఇంజిన్ స్పీడు తగ్గదు. న్యూట్రల్‌లో నిలబెడితే డుగుడుగుమనాల్సింది, ఎవరో యాక్సిలేటర్ మీద కాలేసి కూర్చున్నట్టు గీ పెడుతుంది. మెకానిక్‌ల భాషలో ‘స్లో ఎక్కువుంది’. దారిలో రైలు గేటు పడితే చాలు, బాబాయి ఇంజిన్ ఆపేసేవాడు. పోయేది డీజిల్ ఒక్కటే అయితే సర్దుకునేవాడే. రివర్స్ గేరు వేస్తే గర్రుమనేది. లోడుతో తెనాలి మార్కెట్ సందుల్లోకి దిగితే, కాలు తీసినా బండి ముందుకి తోసుకుపోయేది. ఎదురుగా మనుషులు, తోపుడు బళ్లు, స్కూలు పిల్లలు. ఆయన భయమంతా అదే.

తెనాలిలో ఒక షెడ్డులో చూపిస్తే పంపు పోయిందన్నారు. దించి సెట్ చేయించాలి, 30,000 దాకా అవుద్దన్నారు. బాపట్ల నుంచి ఒక బ్రోకర్ బండిని ఉన్నదున్నట్టుగా లక్షా పదివేలకి అడిగాడు. బాబాయి దాదాపు ఒప్పేసుకున్నాడు. తర్వాత ఏం చేస్తావని పిన్ని అడిగితే, ‘ఎవరి బండైనా తోలతాలే’ అన్నాడట. పిన్ని ఫోన్‌లో ఆ మాట చెప్పాక నాకు హైదరాబాద్‌లో కూర్చోబుద్ధి కాలేదు. శుక్రవారం రాత్రి రైలెక్కేశా.

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ చాలామందిలో నేనూ ఒకణ్ని. రైల్లో వీడియోలు వెతికితే ఎక్కువ పెట్రోల్ బండ్లవే వచ్చాయి. థ్రాటిల్ బాడీ శుభ్రం చెయ్యి, వాక్యూమ్ పైపు లీకేమో చూడు, అని. అవి మనకి పనికిరావు. పెట్రోల్ ఇంజిన్‌లో స్పీడుని పట్టి ఉంచేది లోపలికెళ్లే గాలి. ఎక్కడైనా దొంగగాలి దూరితే స్పీడు పెరుగుతుంది. ఇలాంటి పాత డీజిల్‌లో గాలికి తలుపే ఉండదు, పంపు ఎంత డీజిల్ ఇస్తే అంత స్పీడు. ఆ పంపుకి పక్కన ఒక చిన్న లివరు ఉంటుంది. మనం కాలితో తొక్కేది, కేబుల్ ద్వారా, దాన్నే. కాలు తీస్తే స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది, అది వెళ్లి ఒక స్క్రూకి ఆనుకుంటుంది. ఆనుకున్న చోట ఉండే స్పీడే ఐడ్లింగ్. అంటే అనుమానితులు నలుగురు: కేబుల్, స్ప్రింగ్, స్క్రూ, పంపు లోపలి సరుకు. షెడ్డువాళ్లు నాలుగోవాణ్ని ముందు పట్టుకున్నారు!

బండిలో ఆర్‌పీఎం మీటర్ లేదు. ఫోన్ ఉందిగా. శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీలున్నాయో చూపించే యాప్‌లు ఫ్రీగా దొరుకుతాయి. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకి రెండుసార్లు ఇంధనం మండుతుంది. కాబట్టి ఆ ఫ్రీక్వెన్సీని 30తో గుణిస్తే ఆర్‌పీఎం వస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక బోనెట్ దగ్గర ఫోన్ పెడితే 42 హెర్ట్జ్ చూపించింది. అంటే 1260. ఉండాల్సింది 800 దగ్గర.

ముందు ఇంజిన్ ఆపి, లివరు నుంచి కేబుల్ కొస ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేశాం. 35 హెర్ట్జ్. పంపుని ముట్టుకోకుండానే 1050కి దిగింది. కేబుల్ బయటికి తీసి లాగితే ఇసకలో లాగుతున్నట్టుంది. పైనుంచి కారే ఐసు నీళ్లు, హార్బర్ ఉప్పుగాలి కలిసి లోపలి తీగని తుప్పు పట్టించాయి. స్ప్రింగ్ పాపం బిగువుగానే ఉంది.

మరి మిగతా 250? టార్చ్ వేసి చూశా. చుట్టూ ఏళ్లనాటి జిడ్డు, మట్టి. ఐడ్లింగ్ స్క్రూ లాక్ నట్టు మీద మాత్రం పానా గీతలు తళతళా మెరుస్తున్నాయి. ‘బాబాయ్, దీన్నెవరైనా తిప్పారా?’ అన్నా.

‘పోయిన వానల్లో చెరుకుపల్లి దగ్గర బండి ఊరికే ఆఫైపోతంటే, ఒక కుర్రాడు స్లో పెంచి పంపించాడ్రా.’

‘తర్వాత?’

‘తర్వాతేముంది, సర్వీసులో డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఆగిపోటం మానేసింది.’

అదీ సంగతి. ఫిల్టర్ పూడిపోయి డీజిల్ అందక బండి ఆగిపోతుంటే, ఆ రోజుకి స్క్రూ తిప్పి గట్టెక్కించారు. కొత్త ఫిల్టర్ పడి డీజిల్ ధారాళంగా వచ్చాక ఆ తిప్పుడు తియ్యడం ఎవరికీ గుర్తులేదు. మా ఆఫీసులో దీన్ని హాట్‌ఫిక్స్ అంటారు. అర్ధరాత్రి పెడతారు, ఏళ్లు గడిచినా తియ్యరు. ఆ కుర్రాణ్ని మాత్రం ఏమీ అనను, ఆ వానలో బండి ఇల్లు చేరింది కదా.

మీరెవరైనా మీ ఇంట్లో బండికి ఇది చేద్దామనుకుంటే ఒక్క జాగ్రత్త. అదే లివరుకి ఇంకో స్క్రూ ఉంటుంది, గరిష్ఠ స్పీడుది. చాలా పంపుల్లో దానికి తీగ చుట్టి సీలు వేస్తారు. దాని జోలికి పోవద్దు. అది కదిలితే ఇంజిన్ తట్టుకోలేని స్పీడుకి వెళ్లొచ్చు. ఏది ఏదో తేల్చుకోలేకపోతే తెలిసిన మెకానిక్‌ని పక్కన పెట్టుకోండి.

కేబుల్ రేపల్లెలో దొరకలేదు, తెనాలి వెళ్లి తెచ్చా. 450 రూపాయలు. పెడల్ దగ్గర కాస్త వదులు ఉండేలా బిగించి, లాక్ నట్టు వదులు చేసి, స్క్రూని పావు చుట్టు చొప్పున వెనక్కి తిప్పుతూ పోయా. ప్రతిసారీ ఆగి ఫోన్ చూడటం. 27 హెర్ట్జ్ దగ్గర ఆపి నట్టు బిగించా. 810. బాబాయికి నా అంకెల మీద పెద్ద నమ్మకం లేదు. పదిసార్లు తొక్కి వదిలాడు, హెడ్‌లైట్లు వేశాడు, ఆగిపోతుందేమో అని రెండు నిమిషాలు కాచుకున్నాడు. చివరికి రివర్స్ గేరు వేశాడు. చప్పుడు లేకుండా పడింది. ‘పిన్నిని పిలువు’ అన్నాడు.

సోమవారం పొద్దున బ్రోకర్ ఫోన్ చేశాడు. పిన్నే ఎత్తింది. ‘బండి ఇంటి దగ్గర లేదండీ, నిజాంపట్నం లోడుకెళ్లింది’ అని చెప్పి పెట్టేసింది.