మా అత్త చదివితే ఊరుకోదు

మా అత్త పేపరు చదువుతుంటే పక్కగదిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఒక మాట పేపరుది, ఇంకో మాట ఆమెది. కూడబలుక్కుంటూ గట్టిగా చదువుతుంది. వాక్యం అయిపోగానే ఆగి దానికి జవాబు చెబుతుంది. బడ్జెట్టు మీద ఇంత పొడుగు వ్యాసం ఉంటే మొత్తం ఓపిగ్గా చదివి, "అంతా బానే ఉండాది, గ్యాసుబండ ఎంతంట?" అంటుంది. ఆదివారం పుస్తకంలో గుత్తి వంకాయ కూర రాస్తే, "అన్ని జీడిపప్పులా! వీళ్ళకి ఎవురన్నా ఊరికే పోస్తండారా మే?" అని నన్ను నిలదీస్తుంది, రాసింది నేనే అయినట్టు. పెద్ద వార్తను వంటింట్లోకి లాక్కొస్తుంది. వంటింటి సంగతిని బజార్లోకి తీసుకుపోతుంది. రెంటికీ మధ్య గోడ ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆమె చదువు నేర్చుకున్న తీరే అలాంటిది.

1991లో మా నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని పెద్దవాళ్ళకు చదువు చెప్పే కార్యక్రమం మొదలయింది. జీతాలు లేకుండా చదువుకున్న పిల్లలే చెప్పేవాళ్ళు. మా అత్త అప్పటికి ఇద్దరు బిడ్డల తల్లి. పగలంతా నాట్లు, కలుపులు. రాత్రి బువ్వ వండి పెట్టి, చిన్నోణ్ణి చంకనేసుకుని బడి వసారాకు పోయేదంట. "నిద్ర వచ్చేది మే, కానీ ఆ గంటసేపే నన్ను ఎవురూ పనికి పిలవరు" అంటుంది. చదువు మీద ప్రేమ ఆ తర్వాత వచ్చింది.

అక్షరాలు, గుణింతాలు అయినాక ఇచ్చిన పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. పల్లెటూరి మనిషి, తాగుడు మొగుడు, ఇంట్లో గొడవ. మన బడి పుస్తకాల్లో రాజులు, నక్కలు, కాకులు ఉంటాయి గదా, ఇందులో ఉన్నది కూలి డబ్బులు సారా అంగడికి పోవడం. పాఠం అయిపోగానే మా అత్త, "ఈ సీతమ్మది ఏ ఊరు?" అని అడిగిందంట. ఆమెకు కాపురం మా మామతో. రైసు మిల్లులో హమాలీ, మనిషి మంచోడే, సాయంత్రం ఆరు దాటితే కాదు. బడికి వచ్చే ఆడవాళ్ళందరూ ఆ రాత్రి పాఠం వదిలేసి ఎవరి ఇంటి సంగతి వాళ్ళు చెప్పుకున్నారంట. పక్కపక్క ఇళ్ళల్లో పదేళ్ళుగా ఉన్నవాళ్ళు, అప్పుడే మొదటిసారి చెప్పుకోవడం.

దూబగుంట పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కలిగిరి మండలం, జిల్లాలో మెట్ట వైపు ఊరు. అక్కడి ఆడవాళ్ళు కూడా అవే బళ్ళల్లో అదే పాఠం చదివారు. తాగినవాళ్ళు ఇద్దరు చెరువులో పడి చనిపోయాక, ఇక ఊళ్ళోకి సారా రానియ్యం అని అడ్డం నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మగారిని అందరూ దూబగుంట రోశమ్మ అనే పిలిచేవాళ్ళు. 2016లో పోయారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆ ఊళ్ళో జరిగిందాన్ని మళ్ళీ పాఠంగా రాశారు, 'ఆడవాళ్ళు ఏకమైతే' అని. అంటే పుస్తకం చదివినవాళ్ళు ఇచ్చిన జవాబే తర్వాత పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని వేరే ఊళ్ళవాళ్ళు చదివి, మాది మాత్రం ఏం తక్కువ అని లేచారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాట పెట్టాలని ఎన్నిసార్లు చూసినా ఆడవాళ్ళు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు.

ఆ రెండుమూడేళ్ళ గురించి అత్త పెద్దగా చెప్పదు. మామ రెండు వారాల కూలి వరసగా ఇంటికి తెచ్చిస్తే స్టీలు బిందె కొన్నదంట, అదొక్కటే చెబుతుంది. అడుగున సొట్ట పడినా దాన్ని పాత సామానోడికి ఇవ్వనీదు. ఆ రోజుల్లోనే జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు సంఘాలు వచ్చాయి. మొదటిసారి ఆమె వేలిముద్ర కాకుండా సంతకం పెట్టింది ఆ పుస్తకంలోనే.

1997లో నిషేధం ఎత్తేశారు. మా మామ మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి సారా కాదు, సీసా. 2010లో కాలేయం చెడిపోయి పోయాడు. "అంత చేసి ఏం మిగిలింది నాయనమ్మా?" అని మా అమ్మాయి ఒకసారి అనేసింది. కాలేజీ పిల్ల, తెలిసీ తెలియక. అత్త కోప్పడలా. "మీ నాయన నాలుగేళ్ళు బువ్వ తిన్నాడు. ఆ నాలుగేళ్ళు బడికి పోయినాడు" అనింది. మా ఆయన వింటూ కూడా తలెత్తలేదు. ఆయన మందు ముట్టడు. ఎందుకని ఎప్పుడూ ఎవరూ అడగరు.

పోయిన నెల ఒక పత్రికలో ఆడవాళ్ళ పేజీలో సలహాల వ్యాసం వచ్చింది. భర్తకు తాగే అలవాటుంటే ఎట్టా మార్చుకోవాలి అని. ఇంటికి రాగానే నవ్వుతూ పలకరించండి, నచ్చిన వంట చేసిపెట్టండి, ఓపిక పట్టండి. అత్త చివరిదాకా చదివింది. మామూలుగా వాక్యానికో జవాబు చెప్పే మనిషి, ఆ రోజు మధ్యలో ఒక్క మాట అనలా. అయిపోయాక కళ్ళజోడు తీసి, "సీతమ్మ పాఠం ఇట్టా రాసుంటే నేను ఆ రాత్రే బడి మానేసుందును" అనింది.

ఆమె మాటే నాదీ. ఇంటి సంగతులు రాయడం చిన్న పని కాదు. కానీ ఇంటి సంగతిని ఇంట్లోనే పెట్టి తలుపేసుకోమని చెప్పే రాతలు నాకు గిట్టవు. తాగుడు ఒక్క ఆవిడ వంటలో ఉప్పు తక్కువయి వచ్చింది కాదు. అంగడి ఎవరు పెట్టించారు, ఊరి చివర బెల్టు షాపు ఎట్టా నడుస్తోంది అన్న ప్రశ్న ఆ పేజీలో లేదు. కూలోళ్ళ కోసం రాసిన పాఠంలో ఉన్నది, రంగుల పేజీలో లేదు.

ఆ పాఠాల పుస్తకం కోసం ఇల్లంతా వెతికాను. అత్త ఎవరికో చదువుకోమని ఇచ్చిందంట, తిరిగి రాలా. మా వెంకటాచలానికి 2020లో మైసూరు నుంచి ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం వచ్చింది, మంచిదే. తాళపత్రాలంత పాతది కాకపోయినా, ఇట్టాంటి పుస్తకాలు కూడా ఎవరో ఒకరు దాచాలి గదా.

వ్యాసం చదివిన మర్నాడు అత్త నన్ను కూర్చోబెట్టి ఆ పత్రికకు ఉత్తరం రాయించింది. ఆమె చెప్పడం, నేను రాయడం. నేను కొంచెం మెత్తగా రాయబోతే, "నేను చెప్పిందే రాయి మే, నీ మర్యాదలు నీ ఉత్తరంలో పెట్టుకో" అనింది. చివర సంతకం తనే పెట్టింది, ఒక్కో అక్షరం విడివిడిగా. మూడు ఆదివారాలయింది, వాళ్ళు వెయ్యలేదు. నిన్న కూడా ఆ పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు వేలు పెట్టి వెతికింది.

"ఇంకోటి రాద్దాం. ఈసారి బెల్టు షాపు సంగతి కూడా కలుపుదాం, కాయితం తే" అనింది.