బొరుటో: షికాయతులున్నా నాకు పసందే

'నరుటో' చూసిన పిల్లల్ని 'బొరుటో' ఎలా ఉందని అడగండి. సగం మంది మొహం చిట్లిస్తారు. మా ఖాన్‌దాన్ పిల్లలైతే "వక్త్ బర్బాద్ చాచూ!" అని తేల్చేశారు. నాకు మాత్రం పసందే. అలాగని వాళ్ల షికాయతులు ఝూట్ అనను.

నరుటో 220 ఎపిసోడ్లు, షిప్పూడెన్ 500. ఊరంతా ఛీకొట్టిన యతీమ్ పిల్లాడు ఆ ఊరికే సర్దార్ అవుతాడు. వాళ్ల జబాన్‌లో హొకాగే. అంత సఫర్ చూసినోళ్ల ముందుకు 2017లో అతని కొడుకు బొరుటో కథ వచ్చింది. అబ్బా పడ్డ ముసీబతులు ఒక్కటీ పడని పిల్లాడు. అబ్బా మీదే గుస్సా. చాలామందికి అక్కడే నచ్చలేదు.

ఖామీలూ తక్కువేం లేవు. అసలు కథతో తాల్లుక్ లేని ఎపిసోడ్లు బోలెడు. పిల్లలు గొప్పగా కనబడాలని నరుటో, సాస్కేల తాఖత్ తగ్గించేశారు. మొదటి ఎపిసోడ్ మొదట్లోనే నేలమట్టమైన ఊరు, పెద్దవాడైన బొరుటో జంగ్ చూపించారు. 2023లో 293వ ఎపిసోడ్‌తో ఆపేసే నాటికి కూడా కథ అక్కడికి చేరలేదు.

మరి నాకెందుకు నచ్చింది? ఒక సాల్‌గిరా కోసం.

53వ ఎపిసోడ్‌లో నరుటో బేటీ హిమావరి పుట్టినరోజు. నరుటోకి తనలాంటి నకళ్లను పుట్టించే విద్య ఉంది కదా. తను దఫ్తర్‌లో పని చేసుకుంటూ ఒక నకలును ఇంటికి పంపిస్తాడు. కేకు తెస్తున్న ఆ నకలు అందరి ముందే మాయమవుతుంది. కేకు నేలపాలు.

కడపలో, నిజామాబాద్‌లో, అబ్బా కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న ఇళ్లకి ఈ సీను విడమరిచి చెప్పక్కర్లేదు. సాల్‌గిరా రోజు ఫోన్లో అబ్బా మొహం. సిగ్నల్ పోతే అదీ ఉండదు. ఆయన కష్టపడేది ఔలాద్ కోసమే. ఔలాద్‌కి కావలసింది ఆయన.

నరుటో జాలిమ్ కాడు. అతను పుట్టిన రోజే అమ్మీ అబ్బా ఇద్దరూ పోయారు. ఇంట్లో తండ్రి అనేవాడు ఎలా ఉంటాడో చూసి నేర్చుకునే మౌకా అతనికి దొరకలేదు. అందుకే కొడుకు గుస్సా సగమే అర్థమవుతుంది. కొడుక్కి అబ్బా యతీమ్‌తనం సగమే అర్థమవుతుంది.

తర్వాత ఇమ్తిహాన్. అబ్బాతో షాబాష్ అనిపించుకోవాలని బొరుటో చేతికి ఒక యంత్రం కట్టుకుని మోసంగా గెలుస్తాడు. తండ్రి ఇంటికి నకలు పంపిస్తే, కొడుకు ఇమ్తిహాన్‌లో నకల్ కొట్టాడు. ఉర్దూ మీడియంలో చదివినోళ్లకి ఈ రెండు నకళ్లూ తెలుసు. అందరి ముందూ నరుటోనే వచ్చి కొడుకు నుదుటి పట్టీ ఊడదీస్తాడు. ఇన్సాఫే. కానీ కొడుకు కోసం ఆయన స్వయంగా వచ్చింది ఆ రోజు, సజా ఇవ్వడానికి. ఆ ఒక్క సీను కోసం నేను ఆ ఫాల్తూ ఎపిసోడ్లన్నీ మాఫ్ చేసేశాను.

నరుటో కథ గెలవడం గురించి. గెలిచిన మనిషి రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతాడో అడిగింది బొరుటోనే. ఆ సవాల్‌కి దానిదగ్గర పూరా జవాబు లేదు. మన ఇళ్లలో మాత్రం ఉందా?

అన్నీ చూడక్కర్లేదు. 53 నుంచి 65 దాకా పిల్లలతో కూర్చుని చూడండి. 65లో తండ్రీకొడుకులు కలిసి చేసే జంగ్ మీద షికాయత్ ఉన్నవాడు నాకింకా తగల్లేదు. తర్వాత టీవీ కట్టేసి, మీ మీద వాళ్ల షికాయతులేంటో అడగండి. వాళ్లు చెప్పేటప్పుడు ఫోన్ మోగినా ఎత్తకండి.