సగము నిలిచిన పాట

ఒకరు మొదలిడి విడిచిన కావ్యమును గాని, గానమును గాని మఱియొకరు పూర్తి చేయుట యుచితమా కాదా యను ప్రశ్న క్రొత్తది కాదు. మన తెలుగువారి యాదికావ్యమే యీ ప్రశ్నతో మనకు సంక్రమించినది. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టు భారతము నారంభించి, ఆరణ్యపర్వము నాల్గవ యాశ్వాసము నడుమ, శరద్రాత్రుల వర్ణనమున నాగిపోయెను. పదుమూడవ శతాబ్దమున తిక్కనసోమయాజి యా మిగిలిన భాగమును ముట్టక, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను. పదునాల్గవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ యా శరద్వర్ణనమునే యందుకొని, ఉదయ సూర్యుని వర్ణనముతో కథను ముందునకు నడిపి, పర్వమును ముగించెను. అట్లు ముగించియు దానిని తన పేర నిలుపుకొనక, నన్నయ పేరనే రాజరాజున కంకితము గావించెను. చిన్ననాడు మా తండ్రిగారు నాకు భారతము చెప్పుచు, ఆ రెండు పద్యముల నడుమ వ్రేలుంచి, "ఇచ్చట దాదాపు మూడువందల యేండ్లు గడచినవమ్మా" యనెడివారు. పుస్తకమున నది వ్రేలివెడల్పు చోటే.

సోదరీమణులారా, ఈ ప్రశ్న నిరుడు మా యింటికే వచ్చినది. దానిని చెప్పుటకు ముందు పెద్దల సంగతులు కొన్ని చెప్పవలసి యున్నది.

పాశ్చాత్య సంగీతమున సింఫనీ యను పెద్ద రచన గలదు. తంత్రీవాద్యములు, ఊదు వాద్యములు, చర్మవాద్యములు పదుల కొలది కూడి, సాధారణముగా నాలుగైదు భాగములుగా నడచును. ఏ వాద్యము ఏ క్షణమున ఏ స్వరమును పలుకవలయునో కర్త ముందే కాగితముపై వ్రాసి యుంచును. గుస్టావ్ మాహ్లర్ అను విద్వాంసుడు 1910వ సంవత్సరపు వేసవిలో తన పదియవ సింఫనీకి చిత్తుప్రతి వ్రాసి, 1911 మే నెలలో మరణించెను. అయిదు భాగములకును గానపు నడక మొదటినుండి తుదివఱకు గీచి యుంచెను గాని, వాద్యముల పంపకము చాల చోట్ల చేయలేదు. డెరిక్ కుక్ అను నాంగ్లేయ పండితు డా చిత్తుప్రతిని వినదగినట్లు సిద్ధపఱుప బూనెను. మాహ్లర్ భార్య ఆల్మా మొదట వలదని నిషేధించెను. పిదప 1963లో ధ్వనిముద్రణమును తానే విని, మనసు కరగి, సమ్మతించెను. 1964 ఆగస్టులో లండను నగరమున అయిదు భాగములును వినబడెను. కుక్ తాను చేసినది పూరణమని చెప్పుకొనలేదు. చిత్తుప్రతిని వాయించుటకు వీలుగా నమర్చితి ననెను. 1976లో అచ్చయిన ప్రతిలో తన కూర్పు క్రిందనే మాహ్లర్ చిత్తును గూడ ముద్రింపించెను. ఏది యెవరిదో చదువరియే చూచుకొనవచ్చును.

అంతకు మునుపు మఱియొక యిల్లాలి కథ గలదు. 1791 డిసెంబరులో మొజార్టు మరణించునప్పటికి, ఒక ప్రభువు రహస్యముగా వ్రాయించుకొనుచున్న మృతశాంతి ప్రార్థనాగానము సగమై యుండెను. పూర్తిగా నందనిదే మిగిలిన సొమ్ము రాదు. చిన్నబిడ్డలతో నున్న యాతని భార్య కాన్‌స్టాంజ్, జ్యూస్మయర్ అను శిష్యునిచేత దానిని ముగింపించి, అంతయు భర్త రచనయే యన్నట్లు ఒప్పగించెను. ఏది గురువుది, ఏది శిష్యునిది యని పండితులు నేటికిని తర్కించుచున్నారు. పసిబిడ్డల యాకలి చూచిన తల్లిని నేను నిందింపజాలను. అయినను ఆ యతుకు దాగినందున రెండువందల యేండ్లకు పైగా లోకము శ్రమపడవలసి వచ్చినది.

వారికి స్వరము వ్రాసికొను నలవాటుండెను గనుక చిత్తుప్రతియైన మిగిలినది. మనకో? మా సీమకు పొరుగున, రాజంపేట చెంత తాళ్లపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యులు ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ప్రతీతి. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలమున వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున నొక యరలో భద్రపఱచిరి. రెండువేలకు పైబడిన రేకులు, పండ్రెండువేలకు పైగా పాటలు నేటికి దక్కినవి. ప్రతి పాటకు పైన రాగము పేరు గలదు. స్వరము లేదు. అనగా సాహిత్యము నిలిచినది, గానము గాలిలో కలసినది.

రాగము పేరున్నదిగదా, అది చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. ముఖారి యన్న పేరు నాడును గలదు, నేడును గలదు. కాని 1550లో రామామాత్యుడు వ్రాసిన స్వరమేళకళానిధిలో ముఖారి శుద్ధస్వరముల మేళము. నేడు మనము వినుచున్న ముఖారి స్వరములు వేఱు. పేరు పాతదియై వస్తువు మాఱినచో, ఆ పేరును బట్టి పాత పాటను తిరిగి కట్టుట యెట్లు? ఇంతటి చిక్కును ఎఱిగియు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) నూటికి పైగా సంకీర్తనములకు స్వరరచన చేసిరి. సాహిత్యము, సంగీతము రెండును వచ్చిన పండితు లగుటచే, పాటలోని పదముల విఱుపును, భావమును బట్టి వరుసను నిర్ణయించిరి, స్వరసహితముగా ప్రకటించిరి. అట్టి పెద్దలు పూనకున్నచో ఆ పాటలు రేకులమీది యక్షరములుగానే మిగిలియుండును. అందుచే వారికి మనము ఋణపడినాము. అయినను నేడు ఏ గుడిలోనో యొక కీర్తన విని "ఆహా, అన్నమయ్య గానము" అనుకొనునప్పుడు, మాట అన్నమయ్యది, వరుస మన కాలపు విద్వాంసునిది యను నెఱుక మనకుండవలయును. ఆ యెఱుక వలన నెవరి గౌరవమును తగ్గదు. ఇరువురికిని నమస్కారము చెల్లును.

స్వరము వ్రాసికొనుట యెంత మేలో మా మదనపల్లెయే సాక్షి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మా యూరి కళాశాలకు వచ్చి, 1911లోనే కలకత్తాలో మొదట పాడబడిన "జనగణమన" గీతమును ఇచ్చటివారికి వినిపించిరి. దాని యాంగ్లానువాదమును ఇచ్చటనే చేసిరి. కళాశాలాధ్యక్షులు జేమ్స్ కజిన్సుగారి భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతము నేర్చిన ఐరిష్ వనిత. ఆమె సాయమున నా పాట వరుస స్వరలిపిలో నిలిచినది. 1927లో అఖిల భారత మహిళాసభ స్థాపనకు పాటుపడినవారిలో నామె యొకతె యని మనలో చాలమందికి తెలియును. మన జాతీయగీతపు స్వరమును కాగితమున కెక్కించిన చేయియు నదియే యని తెలిసినవారు తక్కువ.

ఇక మా యింటి మాట. మా అత్తవారిది పుంగనూరు. మా అత్తగారి అత్తగారు కుప్పము పుట్టినిల్లుగా గల యిల్లాలు, ఇంటిల్లిపాదికి పెద్దవ్వ. ఆమె తన చేత వ్రాసికొనిన పెండ్లిపాటల పుస్తకము మా అత్తగారి పెట్టెలో నున్నది. రాజుల పాటలకు రాగిరేకులు, ఆడువారి పాటలకు అరవైపుటల నోటుపుస్తకము. అందొక నలుగుపాట గలదు. పల్లవియు రెండు చరణములును చక్కగా నున్నవి. మొదటి చరణమున నలుగుపిండి, రెండవదానిలో పన్నీరు. మూడవది "గంధము" అను మాటతో మొదలై యున్నది; ఆపై పుటను చెదలు తినివేసినవి.

నిరుడు మాఘమున మా వదినగారి కూతురికి పెండ్లి నిశ్చయమైనది. వదినగారు నాతో, "అమ్మాయీ, నీవు భారత భాగవతములు చదివినదానవు. ఆ మూడవ చరణమేదో కట్టి యీయరాదా? అవ్వ పాట నా బిడ్డ పెండ్లిలో సగము పాడి విడుచుటకు నాకు మనసొప్పదు" అనిరి. మా అత్తగారు వినుచుండి, "అవ్వ నోట రాని మాటను అవ్వ పాట యని నేను పాడను. ఉన్నదే రెండుమార్లు పాడుకొందము" అనిరి. నాడు కోడలుగా గృహప్రవేశము చేసిన యామెకు ఆ పాటను నేర్పినది పెద్దవ్వయే. తల్లీకూతుళ్లు రెండు దినములు ముక్తసరిగా మాటలాడుకొనిరి. మా వారు బడిపంతులు గనుక, "ఖాళీలను పూరింపుడను ప్రశ్నకు జవాబొక్కటే యుండును. దీనికి జవాబెఱిగినవారు పోయిరి" అని నవ్వి యూరకుండిరి.

నేను కట్టుటకు ముందు వెదకవలయునని తోచినది. పుంగనూరినుండి పలమనేరు మీదుగా కుప్పము వెళ్లితిని. అరవము, కన్నడము, తెలుగు ఒకే వీధిలో వినబడు నూరది. అచ్చట పెద్దవ్వ పుట్టినింటివారిలో ఎనుబదియేండ్ల ముత్తైదువ యొకరు గలరు. పుస్తకము చదివి వినిపించితిని. ఆమె కన్నులు మూసికొని పల్లవి నెత్తుకొనిరి. రెండు చరణములు పాడిరి. మూడవదానికి వచ్చి మాటలు లేక కూనిరాగము తీసిరి. ఆ చరణమున పాట పైస్థాయి కెక్కి, యొక్క క్షణము నిలిచి, మెల్లగా దిగి పల్లవిని చేరినది. "మాటలు పోయినవి తల్లీ, రాగము మాత్రము గొంతులో నిలిచినది" అనిరి. దానిని నా ఫోనున పట్టుకొంటిని.

తాళ్లపాకవారికి మాటలు మిగిలి వరుస పోయినది. మాకు వరుస మిగిలి మాటలు పోయినవి. అప్పుడు మా పని వారి పనికన్న చాల తేలికయని తెలిసికొంటిని. వరుసను మాత్రలుగా లెక్కించితిని; ఏ పాదమున నెన్ని యక్షరములు పట్టునో తేలినది. ముందటి చరణములలో ప్రాస నియమము గలదు, దానిని పాటించితిని. పాట పైకెక్కి నిలుచు చోట పెండ్లికూతురు గంధపు చేతిని చాచి సిగ్గుతో నాపుట నుంచితిని. పల్లవిలోని మాటల కూర్పునకు మించిన సంస్కృత సమాసము నొకటియైన చొరనీయలేదు. పిమ్మట క్రొత్త పుస్తకమున అవ్వ భాగమును నల్లసిరాతోను, నా భాగమును నీలిసిరాతోను వ్రాసి, నడుమ గీత గీచి, "ఇచ్చటినుండి వరుస కుప్పముది, మాటలు క్రొత్తవి" అని చేర్చితిని.

మా అత్తగారు దానిని రెండుమార్లు చదివి, యేమియు ననలేదు. పెండ్లినాడు నలుగునకు కూర్చుండి, పల్లవియు రెండు చరణములును తామే పాడిరి. మూడవ చరణమునకు గొంతు నాపి, వదినగారి వంక చూచిరి. వదినగారును, ఆడుపిల్లలును అందుకొనిరి. మరల పల్లవికి వచ్చునప్పటికి అత్తగారు గొంతు కలిపిరి. నేను గీచిన గీత కన్న నా మౌనమే మిక్కిలి చక్కగా ఆ చోటును చూపినది.

దీనివలన నాకు తోచినది చెప్పెదను. పూరించువాడు తన పేరును దాచుకొనుట వేఱు, అతుకును దాచుట వేఱు. మొదటిది వినయము, ఎఱ్ఱన చేసినది. ఆయన పేరు దాచుకొన్నను, అతుకిచ్చటనని చెప్పుటకు నేటికిని పండితులు వ్రేలుంచగలరు. రెండవది, ఎంతటి యవసరమున చేసినను, ముందుతరములవారి చేతికి చిక్కుముడి నిచ్చుటయే యగును. అట్లని సగము పాటను సగముగానే పెట్టెలో నుంచుటయు భక్తి కాదు. పాడని పాటను చెదలు గాక మఱెవ్వరు చదువుదురు?

కావున సోదరీమణులారా, మీ యింట అవ్వలు, అత్తలు పాడు పాటలను వ్రాసికొనుడు. మాట వ్రాసిన చాలదు. వరుసను గూడ ఫోనున పట్టి యుంచుడు. ఎవరు పాడిరో, వారే యూర నేర్చిరో ప్రక్కన వ్రాయుడు. వారికి మఱపు వచ్చిన చోట ఖాళీగానే విడువుడు. తరువాత నెవరైన పూరింపదలచినచో, ముందు వెదకి, పిదప వేఱు సిరాతో పూరింపుడు.