తెల్లాపూర్‌లో ఒక మాటల బడి

లింగంపల్లి దాటిన పిదప వాడి జంక్షన్ వైపు సాగు రైలుమార్గముపై వచ్చు తెల్లాపూర్, 2018 వరకు గ్రామపంచాయతీగా ఉండి అటుపిమ్మట పురపాలక సంఘమైన ఊరు. ఒక దిక్కున మబ్బులనంటు భవనములు, మరొక దిక్కున రామచంద్రాపురం భెల్‌కును పటాన్‌చెరు కర్మాగారములకును షిఫ్టుల లెక్కన పోయివచ్చు కార్మికుల ఇరుకు గదులు, ఆ రెంటి నడుమ ఎవరికిని పట్టని పాత ఇండ్లు కొన్ని. అట్టి ఇంటి ముందుగదిలో, నోట మాట రానివారై, కన్నులుండియు చూపు నిలువని పిల్లలకు సంభాషణ మార్గము నేర్పు ఉపాధ్యాయిని ఒకరున్నారని విని, ఆమె అనుమతి పొంది ఒక ఉదయము అచ్చటికి పోయితిని.

గదిలో నేను మొదట గమనించినది దాని బోడితనము. పిల్లల బడి యనగానే గోడలనిండ అక్షరమాలయు, పండ్ల పటములును, రంగుకాగితపు తోరణములును ఊహించుట మనకు పరిపాటి. ఇచ్చట గోడకు నల్లని గుడ్డ, కిటికీకి దళసరి తెర, బల్లపై మరల నల్లని గుడ్డ, దానిమీద ఎర్రని ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటి. ఉపాధ్యాయిని సైతము పూవులద్దకములేని నల్లని దుస్తులు ధరించి, గాజులు తీసి బీరువాలో పెట్టి కూర్చుండిరి. ఈ నలుపు చూచి, ఆ పూట పాఠమునకు వచ్చిన పిల్ల నానమ్మ మొదట ఒప్పుకొనలేదట. “నల్లబట్టలు గట్టుకొని పసిపిల్ల ముంగట కూసుంటరా అని కొట్లాడిన సారూ,” అని ఆ వృద్ధురాలే నవ్వుచు చెప్పెను.

బల్లకెదురుగా చక్రముల కుర్చీలో కూర్చున్న ఆ బాలికకు ఎనిమిదేండ్లుండును. “పుట్టంగనే ఏడ్వలే సార్,” అని తల్లి మొదలిడెను. మెదడుకు ప్రాణవాయువందని శిశువు కథలన్నియు మన పల్లెలలో ఈ ఒక్క వాక్యముతోనే ఆరంభమగును. “మూడేండ్ల దాంక గుడ్డిదే అనుకున్నం. కండ్లు మంచిగనే ఉన్నయని డాక్టర్లన్నరు. మంచిగుంటె మరెందుకు చూస్తలేదని అడిగిన.” ఆ ప్రశ్నకు సమాధానము వారికి బంజారాహిల్స్‌లో, గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యాలయమున లభించినది. తెరపై బొమ్మలాడించి లోకమును రంజింపజేసిన సినీ నిర్మాత పేర వెలసిన ఆలయములో, తమ బిడ్డకు బొమ్మ ఏల కనబడదో వారు తెలిసికొనిరి.

కన్ను బింబమును పట్టును. నాడి దానిని మోయును. మోసికొనిపోయిన దానిని పోల్చుకొనవలసిన మస్తిష్కమే గాయపడి యున్నప్పుడు బింబము చేరియు అర్థము చేరదు. దీనినే వైద్యులు సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్ అనియు, క్లుప్తముగా సి.వి.ఐ. అనియు అందురు. పురిటిలో ఊపిరాడకపోవుట, నెలలు నిండక పుట్టుట, పుట్టిన తొలిదినములలో రక్తమున చక్కెర పడిపోవుట, విడువని మూర్ఛలు, ఇవి దీనికి ముఖ్య కారణములు. ఈ జ్ఞానము యుద్ధభూములలో పుట్టినదనుట విచిత్రము. రష్యా జపాను యుద్ధమున తూటా దెబ్బలు తిన్న సైనికులను పరీక్షించి, తల వెనుక ఏ భాగము చూపులో ఏ భాగమునకు ఆధారమో తత్సుజి ఇనోయె అను జపాను నేత్రవైద్యుడు లెక్కగట్టెను. మొదటి ప్రపంచ సంగ్రామ కాలమున జార్జి రిడక్ అను బ్రిటిష్ వైద్యుడు, గాయమువలన అంధమైన దృష్టిభాగమున సైతము కదలు వస్తువు పొడగట్టుచున్నదని 1917లో ప్రకటించెను. నూరేండ్లు దాటిన ఆ పరిశీలనమే నేడు తెల్లాపూర్‌లో ఈ ఎర్రగ్లాసును ఊపుచున్నది. ఉపాధ్యాయిని దానిని మెల్లగా కదిపి, నోరు మెదపక, పిల్లను తాకక వేచియుండిరి. ఇరువది సెకండ్లో ముప్పదియో గడచిన పిదప బాలిక చూపు అటు తిరిగినది. చేయి చాచునప్పుడు మాత్రము ముఖము పక్కకు త్రిప్పుకొన్నది. తెలియనివారు దీనిని అలక్ష్యమందురు. చూచుటయు అందుకొనుటయు ఏకకాలమున సాగక ఒకదానివెంట ఒకటి జరుగుటయే ఈ పిల్లల మార్గము. క్రిస్టీన్ రోమన్-లాంట్సీ అను అమెరికా విదుషి గుర్తించిన పది లక్షణములలో ఈ ఆలస్యమును, ఒక రంగుపై మక్కువయు, వస్తుసమ్మర్దమున చూపు చెదరుటయు, వెలుగువంకనే తేరిపార చూచుటయు చేరియున్నవి.

చిక్కు ఇచ్చటనే కలదు. మాట రాని పిల్లలకు సాధారణముగా ఇచ్చు సాధనము బొమ్మల పలక; చెన్నైలో అజిత్ నారాయణన్ రూపొందించిన ఆవాజ్ వంటి యాప్‌లు బొమ్మను తాకినంతనే మాటను పలికి, ఆటిజము గల పిల్లలెందరికో గొంతుక నిచ్చినవి. కాని గడులు గడులుగా బొమ్మలు పేర్చిన ఆ పుట ఈ బాలికకు చీపురుతో చెరిపిన ముగ్గువలె రంగుల మరకగా మాత్రమే తోచును. అందుచేత ఆమె విషయమున బొమ్మ చేయు పనిని చేతికిని చెవికిని అప్పగించిరి. నీళ్ళకు ఎర్రగ్లాసు, బువ్వకు చెంచా, బయటికి పోవుటకు ఆటో సీటు రెక్సిను ముక్క, ప్లాస్టిక్ సామాను చేయు ఫ్యాక్టరీలో పనిచేయు నాన్నకు అతని పసుపుపచ్చని టోపీ. చూపును వినికిడియు లోపించినవారికై నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ డైక్ పెంపొందించిన వస్తుసంకేత పద్ధతి ఇట్లు పటాన్‌చెరు తుక్కుతో నడచుచున్నది.

చెవి మార్గము ఇంకను సూక్ష్మమైనది. పెద్దవారు ఒక్కొక్క పేరు చదివి ఆగవలెను. తనకు కావలసినది వినబడగానే బాలిక కుడి పిడికిలితో కుర్చీ పలకను తట్టును. ఆస్ట్రేలియాకు చెందిన గేల్ పోర్టర్ ‘పాడ్’ అను పేర ఇట్టి సంభాషణ పుస్తకములకు ఒక క్రమము కూర్చిరి: ముందు విషయము, పిదప అందులోని భేదములు. కంఠస్వరము ఎచ్చట గాని హెచ్చరాదు, లేనిచో మనకిష్టమైనదానినే పిల్ల నోట పెట్టినట్లగును. నేనున్న సమయమున రైలొకటి కూత పెట్టుచు పోగా, ఉపాధ్యాయిని చదువుచున్న వరుస నాపి, శబ్దము సమసిన పిదప మొదటినుండి చదివిరి. కంటిపని చెవిపై పడినవారికి రైలు కూత కూడ ఒక తెరయే యని నాకప్పుడు తట్టినది. ఈ గదికి వచ్చు ఒక ఒడియా కార్మికుని కుమారునికై ఆమె ఒడియాలో ఆ వరుస నేర్చుకొనిరట.

ప్రతి వరుస చివరను తప్పక ఒక మాట యుండును: “ఇంకేమన్ననా?” ఈ పద్ధతి సారమంతయు నాకందు గోచరించినది. పాలా నీళ్ళా యని అడుగువాడు ఎంత దయాళువైనను ఆ రెంటి నడుమనే ఎదుటివానిని బంధించును. అడిగినవాని జాబితాలో లేనిదానిని కోరుటకు దారి విడిచినప్పుడే అది సంభాషణమగును. తిండి పేర్లు నాలుగు నేర్పి కృతార్థులమైతిమని తలచు సంస్థలు కొన్ని నేను చూచియున్నాను. అలుగుటకు, తిట్టుటకు, పరిహాసమాడుటకు వీలులేని భాష ఎవరికి కావలెను?

మన మండలములలో ప్రత్యేకావసరములు గల పిల్లలకై భవిత కేంద్రములు కలవు. సికింద్రాబాదున 1984లో బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ పేర వెలసిన సంస్థయు కలదు. ఐనను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొన్న ఇరువదియొక్క వైకల్యములలో సి.వి.ఐ. పేరు లేదు. చూపు లోపమును ఆ చట్టము దృష్టి తీక్ష్ణతతోను దృక్‌క్షేత్రపు కోణముతోను కొలుచును. ఈ బాలిక లోపమో, ఆ రెండు కొలతలకును పూర్తిగా చిక్కునది కాదు. ఆమె ధ్రువపత్రము సెరిబ్రల్ పాల్సీ పేర వచ్చినది. అందు చూపు ప్రసక్తియే లేదు.

పాఠము ముగియవచ్చుచుండగా ఉపాధ్యాయిని, “ఏమన్న చెప్తవా బిడ్డా? తినేదా? ... ఆటనా? ... నొప్పా? ... మనుషుల సంగతా?” అనగా పిడికిలి తట్టినది. “అమ్మనా? ... నానమ్మనా? ... నేనా? ... ఇంకెవరన్ననా?” మరల తట్టినది. ముగ్గురు స్త్రీలును నా వంక చూచిరి. “ఈ సారా?” తట్టు మునుపటికంటె గట్టిగా వినబడెను. నాపై అభిమానము కలిగినదేమో యని నేను కొంచెము ముందుకు వంగితిని. “సార్ ఉండాలెనా? ... పోవాలెనా?” అని ఆమె అదే సమస్వరమున చదివిరి. రెండవ మాట పూర్తికాకమునుపే పిడికిలి పలకపై పడినది. నానమ్మ కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వసాగెను. ఉపాధ్యాయిని మాత్రము నవ్వక, “ఆమె చెప్పింది కదా సార్,” అని తలుపు చూపిరి.