నాపరాళ్లపై నాలుగు చక్రముల పలక

మాఘమాసమున ఇరువురు నేస్తురాండ్రతోడను, బెంగుళూరునఁ జదువుచున్న మా యక్క కూఁతురితోడను సంజామలనుండి జీపులో బయలుదేరితిమి. ఆ చిన్నదాని చేత స్కేటుబోర్డు, అనఁగా నాలుగు చక్రముల పలక, యుండెను. ఊరూర బాలికలకు ఆ సాహసక్రీడను జూపుటయే మా తలంపు.

దారి కిరుప్రక్కల నల్లరేగడి చేలు. రేగడిపైఁ జక్రము కదలదు. కోవెలకుంట్ల త్రోవలో నొక బడిముంగిట నున్నని నాపరాళ్లు పఱచియుండఁగా నట దిగితిమి. మగపిల్లలు ముందునకు వచ్చిరి. ఆఁడుపిల్లలు గోడవారఁ జేరిరి. మధ్యప్రదేశమునందలి జన్వార్ గ్రామమున 2015లో నేర్పడిన స్కేటింగు మైదానమున "ఆఁడుపిల్లలకే ముందు" అనునది నియమమని చెప్పి మా చిన్నది వారినే పిలిచెను.

ఒక బాలిక తలకును మోఁకాళ్లకును దొడుగులు ధరించి యెక్కెను, పడెను, పరికిణీ దులుపుకొని మరల నెక్కెను. "కాలు విఱిగినఁ బెండ్లి యెట్లమ్మా?" యని దాని యవ్వ యడిగెను. ఆ భయము మాకును గలదు. 2021లో టోక్యో ఒలింపిక్సున 13 ఏండ్ల జపాను బాలిక నిషియా మొమిజి యీ క్రీడయందే స్వర్ణపతకము గెలిచెనని చెప్పితిమి. అవ్వ నవ్వి, "మరల నెప్పుడు వత్తురు?" అనెను. బదులు చెప్పలేకపోతిమి; మా కున్నది యొక్కటే పలక.

సోదరీమణులారా, నాపరాయి మన సీమలో నింటింటఁ గలదు. పలక నేఁడు కాకున్న రేపు కొనవచ్చును. ఆఁడుపిల్లకు ఆడుకొన సెలవిచ్చుట మాత్రము మన చేతిలోనిదే.