సోమవారం చార్టు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని జూనియర్ తమ్ముళ్ళు అడిగారు. హాస్టల్ భోజనం గురించి, వార్డెన్ గారి కోపం గురించి, చదువు విలువ గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మేము మా గోడపత్రికలో ప్రతి సోమవారం రాత్రి అంటించిన సాహిత్య వార్తల చార్టు గురించి రాస్తాం. డిగ్రీ మూడేళ్ళు, పీజీ రెండేళ్ళు ఈ హాస్టల్లోనే ఉన్నాం. అందులో నాలుగేళ్ళు ఆ చార్టు మా చేతుల మీదుగానే నడిచింది.

మేము నలుగురం. ముగ్గురం కామర్స్, ఒకడు హిస్టరీ. తెలుగు సాహిత్యం చదివినవాడు ఒక్కడూ లేడు. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. మా ఇళ్ళలో పుస్తకం అంటే బ్యాంకు పాసుపుస్తకం, డ్వాక్రా పొదుపు పుస్తకం. అలాంటివాళ్ళం కవిత్వానికి సంపాదకులం ఎలా అయ్యామంటే, దానికి కారణం క్రికెట్. హాస్టల్‌కి పేపరు రాగానే ఆటల పేజీకి కొట్లాట, తర్వాత ఉద్యోగాల పేజీకి కొట్లాట. సోమవారం నాడు ఎవరూ లాక్కోని పేజీ ఒకటే మిగిలేది. ఆంధ్రజ్యోతిలో వచ్చే ‘వివిధ’. ఎవరికీ అక్కరలేదు కాబట్టి అది మాది అయింది.

పైనుండే పెద్ద వ్యాసాలు మొదట్లో మాకు కొరుకుడు పడేవి కావు. మేము చదివింది పక్కన చిన్న అక్షరాల్లో వేసే వార్తలు. ఫలానా సంపుటి ఆవిష్కరణ, ఫలానా అవార్డుకు పుస్తకాలు పంపండి, కొత్త పుస్తకానికి ఇన్ని పేజీలు, ఇంత వెల, ప్రతులకు ఫలానా చోటు, ఫోను నంబరు. ఆ ఫోను నంబరు దగ్గరే మేము ఆగిపోయాం. పదో తరగతి దాకా మేము చూసిన కవులందరికీ పేరు పక్కన బ్రాకెట్లో రెండు సంవత్సరాలు ఉండేవి. జాషువా, 1895–1971. అందరూ చనిపోయినవాళ్ళే. కవి అంటే అంతేనేమో అనుకున్నాం. ఫోను చేస్తే ఎత్తే కవులు ఉన్నారని మాకు చెప్పింది ఆ చిన్న అక్షరాలే.

చార్టుకు ‘ఈ వారం కవిత్వం’ అని పేరు పెట్టాం. ఏడు వార్తలు, ఒక్కోటి నాలుగు లైన్లు మించకూడదు. సభల వార్తలు చాలావరకు తీసేసేవాళ్ళం. హైదరాబాదులో ఆదివారం సాయంత్రం ఆరింటికి సభ అంటే, రానూపోనూ బస్సు చార్జీతో నాలుగు పుస్తకాలు కొనుక్కోవచ్చు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో జరిగేవి మాత్రం తప్పకుండా వేసేవాళ్ళం. దానికి మేమూ వెళ్ళేవాళ్ళం, పగటి బండికి వెళ్ళి రాత్రి బండికి తిరిగి వచ్చేవాళ్ళం. పుస్తకం పేరు కింద వెల తప్పకుండా రాసేవాళ్ళం. కామర్స్ బుద్ధి అని నవ్వేవాళ్ళు నవ్వారు.

కవితల పోటీల విషయంలో మాత్రం చాలా కఠినంగా ఉండేవాళ్ళం. ప్రవేశ రుసుము ఉంటే ఆ వార్త చార్టు ఎక్కదు. రెండు వందలో ఐదు వందలో కట్టించుకుని, పంపిన ప్రతివాడికీ శాలువా, ‘కవిరత్న’ అని సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు ఉన్నాయి. మా తమ్ముడొకడు కాస్మెటిక్ చార్జీల డబ్బు దాచుకుని అలాంటిదానికి పంపాడు. వచ్చిన సర్టిఫికెట్లో వాడి ఇంటిపేరు తప్పు. వాడు దాన్ని ట్రంకుపెట్టె మూతకి లోపలివైపు అంటించుకున్నాడు. మేము ఎవరం ఏమీ అనలేదు. ఆ వారం నుంచి చార్టు అడుగున ‘డబ్బు అడిగేది పోటీ కాదు’ అని ఎర్ర స్కెచ్‌తో రాయడం మొదలుపెట్టాం.

2022 జనవరి 31 సోమవారం. ఆ రోజుకి మా హిస్టరీ మిత్రుడు ముందే ఒక అంశం సిద్ధం చేసుకున్నాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1920లో అదే తేదీన ‘మూక్‌నాయక్’ పత్రిక మొదలుపెట్టారు కదా, దాని గురించి. కానీ అంతకు మూడు రోజుల ముందు, శుక్రవారం నాడు, ఎండ్లూరి సుధాకర్ గారు హైదరాబాదులో గుండెపోటుతో పోయారు. ‘గబ్బిలం’ మేము పాఠంగా చదివాం. జాషువా ఆ గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపారని పరీక్షల్లో రాశాం. ఆ గబ్బిలాన్ని మళ్ళీ ఎగరేసి ‘కొత్త గబ్బిలం’ రాసిన మనిషి మొన్నటిదాకా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారని, ఆయన పోయాకే మాలో చాలామందికి తెలిసింది. ఆ వారం ఏడు వార్తలు లేవు. చార్టు మొత్తం ఆయనదే. ఆయన కూతురు మానస ఎండ్లూరి కథల పుస్తకం ‘మిళింద’కి 2020లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చిందని చివర రాశాం. మూక్‌నాయక్ తరువాతి వారానికి జరిగింది. మా హిస్టరీవాడు మారు మాట్లాడలేదు.

అవార్డుల వార్తలకి మా హాస్టల్లో మంచి గిరాకీ. నోటుబుక్కు పట్టుకుని చార్టు ముందు నిలబడేవాళ్ళలో సగం మంది గ్రూప్స్‌కి చదివేవాళ్ళు. వాళ్ళకి అది కరెంట్ అఫైర్స్‌లో ఒక మార్కు. పుస్తకం పేరు, మనిషి పేరు రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ‘కవిత్వం కూడు పెడుతుందా’ అని మమ్మల్ని ఎక్కువగా అడిగిందీ వాళ్ళే. అయినా ఆ వార్తలు రెండుసార్లు వేరేగా పనిచేశాయి. 2022 యువ పురస్కారం పల్లిపట్టు నాగరాజు గారి కవిత్వం ‘యాలై పూడ్సింది’కి వచ్చింది. ఆ పేరు మాకు నోరు తిరగలేదు. చిత్తూరు జిల్లా కుర్రాడొకడు చార్టు ముందు నిలబడి దాన్ని పైకి చదివి, ‘అన్నా, ఇది మా అమ్మ మాట’ అన్నాడు. క్లాసులో తన యాసకి నవ్వుతారని అప్పటిదాకా పెద్దగా నోరు విప్పనివాడు. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ గారి ‘ఢావ్లో’ కథలకి వచ్చినప్పుడు అర్థం ఏం రాయాలో తెలియక మా సుగాలి తమ్ముణ్ణి పిలిచాం. పెళ్ళికూతురు పుట్టింటిని వదిలి పోయేటప్పుడు ఏడుస్తూ పాడేదని చెప్పాడు. వాడు చెప్పింది చెప్పినట్టే రాసి, కింద వాడి పేరు వేశాం.

ఏడో వార్త మాత్రం ఎప్పుడూ హాస్టల్‌దే. దాని వెనక ఒక కథ ఉంది. మా కార్యక్రమానికి వచ్చిన పెద్దమనిషి ఒకరు మైకులో ‘ఇక్కడ కవులెవరుంటారయ్యా’ అని నవ్వారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులను పోగుచేసి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. మేము అంత చేయగలవాళ్ళం కాదు గానీ, వారానికి ఒకణ్ణి చూపించగలం. ‘ఈ వారం మన హాస్టల్లో రాసిన కవిత’ అని పేరు, గది నంబరు వేసేవాళ్ళం. పల్నాడు తమ్ముడు మిరపకోతలకి పోయే అమ్మ చేతులమీద రాశాడు. అది బాగుందని అందరూ అన్నారు. ఇంకొకడు నీళ్ళ పప్పు మీద రాశాడు. అదీ బాగుంది, కాకపోతే తనిఖీకి వచ్చిన ఒక అధికారికి నచ్చలేదు. గోడపత్రిక మూడు వారాలు దించేయాల్సి వచ్చింది. ఆ మూడు చార్టులూ మా గది తలుపు వెనక అంటించాం. గోడమీద ఉన్నప్పటికంటే ఎక్కువమంది వచ్చి చదివారు.

ఇప్పుడు చార్టు తమ్ముళ్ళు నడుపుతున్నారు. వెల తీసేసి ఫోను నంబరు ఒక్కటే వేస్తున్నారు. వెల కూడా వేయమని మొన్న గట్టిగానే చెప్పాం. పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. తపాలా శాఖ 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేసినప్పుడు మా ఊరి అన్నలు పుస్తకాలు పంపడం ఆగిపోయింది. అది కూడా మేము మొదటి వార్తగానే వేశాం. 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ అని కొత్తది వచ్చింది. మొదలైనప్పుడు మూడు వందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు పెట్టారు. సన్నపాటి కవితా సంపుటి ఆ లోపే తూగుతుంది. మీరు చదివేసినవి ఉంటే హాస్టల్ పేరుకి పంపండి.

పాత చార్టులు రీడింగ్ రూములో ఇనప బీరువా మీద తాడుతో కట్టి ఉన్నాయి. చెదలు పట్టకుండా కింద వేపాకు వేశాం, ఏటా మార్చాలి. 2022 జనవరి 31 నాటి చార్టు ఒక్కటే అందులో లేదు. ఎవరో తీసుకెళ్ళారు. ఎవరి దగ్గరుందో మేము అడగం.